మీ ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్లు?

నిన్న మీరు మొబైల్ డేటా ఎంత వాడారు? ఫోన్ తీసి చూస్తే పది సెకన్లలో చెప్పేస్తారు. సగం అయిపోగానే ఒక మెసేజ్, 90 శాతం దాటగానే ఇంకోటి. అది చూసి వీడియో క్వాలిటీ తగ్గించుకుంటాం, లేదంటే వైఫై ఉన్న చోటుకి జరుగుతాం. డేటా పొదుపు చేయమని ఎవరూ మనకు క్లాసు పీకలేదు. అంకె కళ్లముందు ఉంది, అంతే.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. నిన్న మీరు నీళ్లు ఎంత వాడారు?

తెలీదు కదా! రెండేళ్ల కిందటి దాకా నాకూ తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు. కరెంటుకి ఫ్లాటుకో మీటరు ఉంటుంది, గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చామో గుర్తుంటుంది. నీళ్లు మాత్రం ట్యాప్ తిప్పితే వస్తాయి, కిందికి పోతాయి. మధ్యలో లెక్క లేదు. 'నీళ్లు వృథా చేయకండి' అని గోడల మీద ఎంత రాసినా పని జరక్కపోవడానికి ఇదే కారణం అనిపిస్తుంది నాకు. ఎంత వాడుతున్నామో తెలియనివాడికి ఎంత తగ్గించాలో ఎలా తెలుస్తుంది?

అందుకే ఈ వ్యాసంలో ఒక్క సలహాయే. ముందు కొలవండి. మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి.

మూడు అంచనాలు, ఒక బకెట్

మాది హైదరాబాద్‌లో పడమటి వైపు ఒక అపార్ట్‌మెంట్. 40 ఫ్లాట్లు, రెండు బోర్లు, కింద ఒక సంపు. మా ఫ్లాట్‌లో ముగ్గురం ఉంటాం, ముగ్గురం ఉద్యోగాలకి వచ్చినవాళ్లమే. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక బోరు గాలి కొట్టడం మొదలెట్టింది. రెండోది గంట నడిస్తే గంట ఆపాల్సి వచ్చేది. ఇక ట్యాంకర్లు మొదలయ్యాయి. 5,000 లీటర్లవి రోజుకు మూడు. మెయింటెనెన్స్ బిల్లు చూస్తుండగానే పెరిగిపోయింది. ఒక్కడే ఉండే ఫ్లాటూ, ఆరుగురు ఉండే ఫ్లాటూ సమానంగా కట్టాలి. వాట్సాప్ గ్రూప్‌లో పండగ శుభాకాంక్షలు పోయి, నీళ్ల గొడవలు వచ్చాయి.

మా ముగ్గురికీ ఒక రాత్రి వాదన వచ్చింది. మన ఫ్లాట్‌లో ఎక్కువ నీళ్లు తాగేది ఏది? ఒకడు వాషింగ్ మెషిన్ అన్నాడు. ఇంకొకడు ఆర్‌ఓ ఫిల్టర్ అన్నాడు. నేను షవర్ అన్నాను. తేల్చుకుందామని ఆదివారం ఒక 20 లీటర్ల బకెట్టు, ఒక లీటరు మగ్గు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాం.

షవర్ కింద బకెట్ పెడితే రెండు నిమిషాల్లో నిండింది. అంటే నిమిషానికి 10 లీటర్లు. ఒక్కొక్కరు సగటున ఎనిమిది నిమిషాలు నిలబడతాం కాబట్టి 80 లీటర్లు. వాష్‌బేసిన్ ట్యాప్ నిమిషానికి 6 లీటర్లు. బ్రష్ చేసేటప్పుడూ, గడ్డం గీసుకునేటప్పుడూ కలిపి మూడు నిమిషాలు తెరిచి ఉంటే 18. ఫ్లష్ ట్యాంక్ పాతకాలంది, ఒకసారి నొక్కితే 10 లీటర్లు. రోజుకు ఐదుసార్లు అనుకుంటే 50.

వంటింట్లో ధార వదిలి అంట్లు తోమితే పదిహేను నిమిషాలకి 90 లీటర్లు, తలకి 30. వాషింగ్ మెషిన్ వదిలే నీళ్ల పైపు బకెట్‌లో పెట్టి లెక్కపెట్టాం. ఒక వాష్‌కి ఆరు బకెట్లు, 120 లీటర్లు. రోజు విడిచి రోజు వేస్తాం కాబట్టి తలకి రోజుకు 20. ఆర్‌ఓలో మాకు రోజుకు 8 లీటర్ల మంచినీళ్లు కావాలి, అవి రావాలంటే 20 లీటర్లు బయటికి పోతున్నాయి. రెండూ కలిపి తలకి దాదాపు 9. చేతులు కడగడం, ఇల్లు తుడవడం, చిల్లర పనులకి ఇంకో 10.

మొత్తం కూడితే మనిషికి రోజుకు 217 లీటర్లు. దాదాపు పదకొండు బకెట్లు!

షవర్ మొదటి స్థానం. కానీ రెండోది ఏదో చూశారా? ఫ్లష్. మా ముగ్గురిలో దాని పేరు ఎత్తినవాళ్లే లేరు. మేం తిట్టుకుంటున్న ఆర్‌ఓ చివర్లో ఉంది. ఇదే కొలతలో ఉన్న మజా. మనం దేన్ని అనుమానిస్తామో అది దొంగ కాకపోవచ్చు.

ఈ 217 ఎక్కువా, తక్కువా? మన దేశంలో డ్రైనేజీ ఉన్న పట్టణాలకి నీటి పథకాలు వేసేటప్పుడు తలకి రోజుకు 135 లీటర్లు లెక్కేస్తారు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇవ్వడానికి పెట్టుకున్న లెక్క తలకి 55 లీటర్లు. మా ఎనిమిది నిమిషాల షవర్ ఒక్కటే దానికంటే ఎక్కువ.

ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

హైదరాబాద్‌కి 1908లో మూసీ వరద వచ్చాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ఆపడానికీ, నగరానికి తాగునీళ్లు ఇవ్వడానికీ. ఊరు పెరిగింది, అవి చాలలేదు. మంజీరా వచ్చింది. అదీ చాలలేదు. ఇప్పుడు కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తున్నాయి. రెండూ వంద కిలోమీటర్లకి పైనుంచే.

దూరం ఒక్కటే అయితే పర్లేదు. ఎత్తు కూడా ఉంది. సాగర్ నిండా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది. సుమారు 350 మీటర్లు పైకి ఎక్కించాలి. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకుని లెక్క వేశాను. మోటార్లలో ఏ నష్టమూ లేదనుకున్నా, 1,000 లీటర్లని అంత ఎత్తుకి చేర్చడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. ట్యాప్ కట్టేయడం అంటే కాస్త కరెంటు స్విచ్ కూడా ఆపినట్టే.

బోరు నీళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులో నీళ్లు నిలిచేది పగుళ్లలోనే. వాన పడి ఆ పగుళ్లు నిండితేనే బోరు. మనం ఇంకా లోతుకి దింపితే నీళ్లు కొత్తగా పుట్టవు, పక్కింటి బోరు ఎండుతుంది. వచ్చే ఏడాది వాళ్లు మనకంటే లోతుకి వేస్తారు. ఈ పోటీలో బోరు లారీ వాళ్లు తప్ప ఎవరూ గెలవరు.

మా అవ్వ దగ్గర ఒక బిందె

మా అమ్మ వాళ్లది అనంతపురం జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల, అదీ పడితే. చిన్నప్పుడు వేసవి సెలవులకి అక్కడికే వెళ్లేవాణ్ణి. మా అవ్వ ఒక బిందె నీళ్లు ఎన్ని పనులకి వాడేదో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి కుడితి తొట్టిలోకి పోయేవి, గేదె కోసం. కూరగాయలు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకి. స్నానం చేసే బండ కింద చిన్న కాలువ, అది నేరుగా అరటి పిలకల్లోకి. చెంబు అడుగున మిగిలిన గుక్కెడు కూడా తులసి కోటలోకి పోవాల్సిందే.

ఒకసారి నేను చెంబులో మిగిలిన నీళ్లు వీధిలోకి విసిరితే, తిట్టలేదు కానీ ఒక మాట అంది. "ఒకసారి వాడి పారబోసేదానికా నాయనా, అంత దూరం నుంచి మోసుకొచ్చింది?"

మనం 'డబ్బు నీళ్లలా ఖర్చుపెడుతున్నాడు' అంటాం కదా. మా అవ్వ వాళ్ల ఊళ్లో ఆ మాటకి అర్థం తిరగబడిపోతుంది. నీళ్లలా ఖర్చుపెట్టడం అంటే అక్కడ పైసా పైసా చూసుకుని ఖర్చుపెట్టడం.

మనకి గేదె లేదు, అరటి చెట్టు లేదు. కానీ లైను అదే. ఒక పనికి మురికైన నీళ్లు ఇంకో పనికి శుభ్రమైనవే. ఆర్‌ఓ వదిలేసిన నీళ్లు తాగడానికి పనికిరావు, ఇల్లు తుడవడానికి, ఫ్లష్‌లో పోయడానికి హాయిగా పనికొస్తాయి. మొక్కలకి మాత్రం రోజూ పోయకండి. వాటిలో ఉప్పు ఎక్కువ, మట్టి పాడవుతుంది. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి పోయండి. ఏసీ నుంచి కారే నీళ్లు తాగకూడదు కానీ తుడవడానికి భేషుగ్గా ఉంటాయి.

మేం మార్చినవి, వాటి లెక్క

కొలిచాక ఏం చేశామో వరసగా చెప్తాను. పెద్ద అంకె నుంచి చిన్న అంకెకి వచ్చాం. అదే తెలివైన వరస.

ఒకటి, స్నానం. బకెట్ స్నానానికి మారాం. 80 లీటర్లు 20 అయ్యాయి. షవర్ లేకపోతే స్నానం చేసినట్టు ఉండదనేవాళ్లు ఒళ్లు తడుపుకుని, ట్యాప్ కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తెరవండి. రెండు, మూడు నిమిషాల్లో అయిపోతుంది. చిన్న పాట కూడా పూర్తికాదు.

రెండు, ఫ్లష్. లీటరు ప్లాస్టిక్ బాటిళ్లు రెండింటిలో నీళ్లు, కాస్త ఇసుక నింపి మూత బిగించి ట్యాంక్‌లో పెట్టాం. ప్రతిసారీ 2 లీటర్లు తక్కువ. 50 కాస్తా 40 అయింది. ఇటుక ముక్క మాత్రం పెట్టకండి, అది కరిగి లోపలి వాల్వ్ పాడవుతుంది. ఇల్లు మార్పులు చేయిస్తున్నవాళ్లు రెండు బటన్ల ట్యాంక్ పెట్టించుకోండి. అందులో చిన్న బటన్‌కి 3, పెద్దదానికి 6 లీటర్లే.

మూడు, అంట్లు. ధార కింద కాకుండా రెండు టబ్బుల్లో. ఒకదాంట్లో తోమడం, రెండోదాంట్లో జాలించడం. తలకి 30 నుంచి 10కి వచ్చాయి. ట్యాప్ మూతికి బిగించే ఏరేటర్ అని చిన్న జాలీ దొరుకుతుంది. నీళ్లలో గాలి కలిపి ధార నిండుగా కనిపించేలా చేస్తుంది. మా వాష్‌బేసిన్ ట్యాప్‌కి పెట్టాక మళ్లీ కొలిస్తే నిమిషానికి 6 లీటర్లు పోయి 3 వచ్చాయి.

నాలుగు, మెషిన్ నిండితేనే వేయడం. వారానికి రెండుసార్లే. తలకి 11.

ఐదు, బ్రష్‌కి మగ్గు. 18 లీటర్లు 2 అయ్యాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆర్‌ఓ 9 అలాగే ఉంది. కానీ అది వదిలే నీళ్లతో ఇల్లు తుడుస్తున్నాం కాబట్టి చిల్లర పనుల లెక్క 8కి వచ్చింది. అన్నీ కూడితే 100 లీటర్లు. ముందు 217. ముగ్గురికీ కలిపి రోజుకు 350 లీటర్లు మిగిలాయి, నెలకు 10,500. అంటే మా ఒక్క ఫ్లాట్ నుంచే నెలకు రెండు ట్యాంకర్లు!

ఇంకోటి మర్చిపోవద్దు, కారే ట్యాప్. సెకనుకో చుక్క పడితే రోజుకు దాదాపు 20 లీటర్లు పోతాయి. ఒక స్నానం అది. చాలాసార్లు లోపల వాషర్ మారిస్తే చాలు. ఫ్లష్ ట్యాంక్ లీకు కంటికి కనపడదు. ట్యాంక్‌లో కాస్త ఫుడ్ కలర్ వేసి, ఫ్లష్ నొక్కకుండా పావుగంట ఆగి చూడండి. కిందికి రంగు దిగిందంటే లీకున్నట్టే.

"నేనొక్కణ్ణి ఆదా చేస్తే ఏమవుతుంది?"

ఈ ప్రశ్న మా గ్రూప్‌లో కూడా వచ్చింది. మన దేశంలో ఎక్కువ నీళ్లు పోయేది వ్యవసాయానికి, ఇళ్లలో వాడేది అందులో చిన్న వాటా, మనం బకెట్ తగ్గిస్తే దేశం మారుతుందా అని ఒకాయన పెట్టారు. ఆయన చెప్పిన వాటా నిజమే. కానీ పొలంలోకి పోయే నీళ్లు మా సంపులో లేవు. మా సంపులో ఉన్నది 40 ఫ్లాట్లకి పంచుకోవాల్సిన నీళ్లు. నేను వదలని నీళ్లు ఎక్కడికీ పోవు, అక్కడే ఉంటాయి. పై అంతస్తువాళ్లకో, కింద గదిలో ఉండేవాళ్లకో అందుతాయి.

కింద గది అన్నాను కదా, దాని గురించి చెప్పాలి. మా వాచ్‌మన్ అన్న కుటుంబం పాలమూరు వైపు నుంచి వచ్చింది. ట్యాంకర్ వాళ్లు రాత్రి పదకొండుకి వస్తామంటారు, రెండింటికి వస్తారు. అప్పుడు లేచి గేటు తీసి, పైపు సంపులో పెట్టి, నిండేదాకా నిలబడేది ఆయనే. పొద్దున ఐదింటికి మళ్లీ మోటారు వేయాలి. ఆ రెండు నెలలూ ఆయన కంటినిండా నిద్రపోయింది లేదు.

ఆయన భార్య మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. నీళ్లు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అని టైము పెట్టాక, నాలుగు ఇళ్ల అంట్లు ఒకే గంటలో తోమాల్సి వచ్చింది. అది ఎవరివల్లా కాదు. ఒక ఇంటివాళ్లు పేపర్ ప్లేట్లకి మారి, ఈ రెండు నెలలూ రావద్దన్నారు. జీతం కూడా లేదు.

"నీళ్లు లేకపోతె మీకు ట్యాంకర్ వస్తది సారూ. నాకు ఒక ఇల్లు పోయింది" అంది, మెట్ల దగ్గర చీపురు పట్టుకుని. ఫిర్యాదు చేసినట్టు లేదు ఆ గొంతు. ఉన్న సంగతి చెప్పింది.

అదే సమయంలో ఇంకో విషయం గమనించాను. టైము ప్రకారం నీళ్లు ఇస్తుంటే చాలా ఫ్లాట్లలో దొరికిన బకెట్లు, గిన్నెలు, డ్రమ్ములు అన్నీ నింపేవాళ్లు. పొద్దున్నే 'నిన్నటి నీళ్లు' అని బాత్రూంలో పారబోసి మళ్లీ తాజాగా పట్టుకునేవాళ్లు. కొరత వచ్చినప్పుడు వాడకం తగ్గాలి కదా, మా దగ్గర భయంతో పెరిగింది. మూత పెట్టిన నీళ్లు ఒక్క రాత్రికే స్నానానికీ, అంట్లకీ పనికిరాకుండా పోవు.

లిఫ్ట్‌లో ఒక కాగితం

ఫ్లాటుకో మీటరు పెడదామని మీటింగ్‌లో అడిగాం. చిక్కు ఏంటంటే, పాత అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాట్‌లోకి ఒకే పైపు రాదు. వంటింటికి ఒకటి, ఒక్కో బాత్రూంకి ఒకటి పైనుంచి విడివిడిగా దిగుతాయి. ప్రతి పైపుకీ మీటరు కావాలి. ఖర్చు విని సగంమంది వెనక్కి తగ్గారు. కొత్త ఫ్లాట్ అద్దెకి తీసుకునేవాళ్లు, కొనేవాళ్లు ఈ ప్రశ్న ముందే అడగండి. నీళ్ల మీటరు విడిగా ఉందా అని.

మీటర్లు లేకపోయినా ఒక పని చేశాం. లిఫ్ట్‌లో ఒక కాగితం అంటించి ఏ రోజు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో రాయడం మొదలెట్టాం. పక్కనే మా ఫ్లాట్ లెక్క కూడా పెట్టాం. ఎవర్నీ ఏమీ అనలేదు. పిల్లలే ముందు చదివారు. ఇంటికెళ్లి షవర్ కింద బకెట్ పెట్టి కొలిచారు. నెల తిరిగేసరికి మూడు ట్యాంకర్లు రెండయ్యాయి. నీళ్లు వదిలే టైము గంట నుంచి రెండు గంటలైంది. పేపర్ ప్లేట్ల ఇంటివాళ్లు ఆమెను మళ్లీ పనికి పిలిచారు. పోయిన జీతం ఇచ్చారో లేదో మాత్రం ఆమె చెప్పలేదు.

వాన పడేలోపు

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే సరిగ్గా ఒక లీటరు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, దీనితో ఏ డాబాకైనా లెక్క వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. 500 చదరపు మీటర్ల డాబా మీద 4 లక్షల లీటర్లు. ఆవిరయ్యేది, కారిపోయేది తీసేసి 70 శాతం దక్కినా 2,80,000 లీటర్లు, అంటే 56 ట్యాంకర్లు. మన నెత్తి మీద పడి, మన గేటు ముందే డ్రైనేజీలో కలిసి, రోడ్డు మీద మోకాలి లోతు వరదై, మళ్లీ వేసవిలో డబ్బులిచ్చి కొనుక్కునే నీళ్లు అవి.

ఇంకుడు గుంతల సంగతి 2002 నాటి వాల్టా చట్టంలోనే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లోనూ ఒకటి ఉంది. పార్కింగ్ మూలన మూత తీయించి చూస్తే బురద, చాక్లెట్ కవర్లు, గట్టిపడిన సిమెంటు. ఇద్దరు కూలీలు ఒక పూట పనిచేసి శుభ్రం చేశారు. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక కొత్తగా వేయించాం. డాబా పైపు అందులోకి కలిపాం. అయిన ఖర్చు నాలుగైదు ట్యాంకర్ల డబ్బులు.

మీరుండేది సొంతిల్లయినా, అద్దె ఫ్లాటయినా, హాస్టలయినా, ఈ ఆదివారం పది నిమిషాలు చాలు. షవర్ కింద బకెట్ పెట్టి టైము చూడండి. ఫ్లష్ ట్యాంక్‌లో రంగు వేసి చూడండి. వచ్చిన అంకె మీ ఇంటి గ్రూప్‌లో పెట్టండి, కింద సలహాలేమీ రాయకుండా. తర్వాత వాచ్‌మన్ అన్నని అడిగి, ఇంకుడు గుంత ఎక్కడుందో కనుక్కోండి. దాని మూత జూన్‌లో మొదటి వాన పడేలోపు తీయించాలి. వాన మొదలయ్యాక తీయిస్తే ఆ ఏడాదికి సగం నీళ్లు పోయినట్టే.